ఏడు సీట్ల ఎస్‌యూవీ కొనేముందు హెడ్‌లైట్లు ఎలా చూసుకోవాలి?

మీ ప్రశ్న క్లుప్తంగా ఇది. బెంగళూరు మారతహళ్లిలో ఉంటారు, ఏడు సీట్ల ఎస్‌యూవీ కొనబోతున్నారు. నెలకోసారైనా కోలారు, ముళబాగిలు మీదుగా పలమనేరు వెళ్లిరావాలి, అదీ శుక్రవారం ఆఫీసు అయ్యాక, అంటే చీకట్లోనే. నాన్నగారు కూడా నడుపుతారు, ఆయనకి అరవై దాటాయి. మీరు చూస్తున్న బండిలో కింది వేరియంట్‌కి హాలోజన్ ప్రొజెక్టర్, పై వేరియంట్‌కి బై-ఎల్ఈడీ ప్రొజెక్టర్ ఉన్నాయి. తేడా లక్షన్నర పైచిలుకు. ఆ తేడా హెడ్‌లైట్ కోసం పెట్టొచ్చా, లేక కింది వేరియంట్ కొని బయట ఎల్ఈడీ బల్బులు వేయించుకుంటే సరిపోతుందా?

రెండోదానికి జవాబు ముందే చెప్పేస్తాను: వద్దు. ఎందుకో తర్వాత చెబుతాను. మొదటిదానికైతే, మీ వాడకానికి ఆ డబ్బు పెట్టొచ్చు. కాకపోతే బ్రోచర్ చూసి పెట్టకండి. బండిని రాత్రిపూట, వెనక సీట్ల నిండా మనుషుల్ని ఎక్కించి నడిపి చూశాక పెట్టండి.

నేను హెడ్‌ల్యాంపులు తయారుచేసే ఒక కంపెనీలో టెస్టింగ్ వైపు చాలా ఏళ్లు పనిచేశాను. చీకటి గదిలో 25 మీటర్ల దూరాన తెర పెట్టి, ఎక్కడ ఎంత వెలుతురు పడుతోంది, ఎక్కడ పడకూడదు అని కొలవడమే మా పని. ఆ పనిలో ఉన్నవాళ్లు ఒక ల్యాంపు చేతికొస్తే 'బీమ్ ఎలా ఉంది', అంటే వెలుతురు రోడ్డు మీద ఎలా పరుచుకుంటోంది అని అడుగుతారు. లోపల ఎల్ఈడీ ఉందా, హాలోజన్ ఉందా అన్నది తర్వాతి మాట.

దీనికి రుజువు కావాలంటే అమెరికా లెక్కలు చూడండి. అక్కడ ఇన్సూరెన్స్ కంపెనీల డబ్బుతో నడిచే ఐఐహెచ్ఎస్ అనే రోడ్డు భద్రత సంస్థ 2016లో హెడ్‌లైట్లకి రేటింగ్ ఇవ్వడం మొదలుపెట్టింది. మొదట మధ్యతరహా కార్లు 31 పరీక్షిస్తే 'గుడ్' వచ్చింది ఒక్క టొయోటా ప్రియస్ వి కే. అదీ ఎల్ఈడీ లైట్లు, ఎదురు బండిని చూసి తనే డిమ్ అయ్యే ఆటో హై బీమ్ ఉన్న ఖరీదైన ప్యాకేజీకి మాత్రమే. అదే కారు మామూలు హాలోజన్ లైట్లతో తీసుకుంటే 'పూర్'. అదే ఏడాది చిన్న ఎస్‌యూవీలు 21 పరీక్షిస్తే ఒక్కదానికీ 'గుడ్' రాలేదు. ఖరీదైన బండి కాబట్టి లైట్లూ బాగుంటాయన్న నమ్మకం అక్కడే పోయింది. 2021లో అదే సంస్థ ప్రమాదాల లెక్కలు తీసి చూస్తే, 'పూర్' లైట్లున్న బండ్లకంటే 'గుడ్' లైట్లున్న బండ్లు రాత్రిపూట వేరే వాహనంతో సంబంధం లేకుండా, తమంతట తామే ప్రమాదానికి గురికావడం 19 శాతం తక్కువని తేలింది.

మన దగ్గర ఇలాంటి రేటింగ్ లేదు. 2023లో మొదలైన భారత్ ఎన్‌క్యాప్ అనే క్రాష్ టెస్ట్ కార్యక్రమం ఇచ్చే స్టార్లు ముఖ్యంగా ఢీకొన్నప్పుడు లోపలున్న పెద్దలకి, పిల్లలకి ఎంత రక్షణ ఉందో చెబుతాయి. రాత్రి రోడ్డు ఎంత దూరం కనిపిస్తుందో ఆ స్టార్లు చెప్పవు. పుణెలో ఏఆర్ఏఐ, మానేసర్‌లో ఐకాట్ లాంటి వాహన పరీక్షా సంస్థల్లో ప్రతి హెడ్‌ల్యాంపూ పాసయ్యాకే బండికి ఎక్కుతుంది, నిజమే. కానీ అది కనీస అర్హత. 35 మార్కులతో పాసైనవాడూ, 95తో పాసైనవాడూ ఒకే బ్రోచర్‌లో 'ఎల్ఈడీ హెడ్‌ల్యాంప్స్' అన్న ఒకే పేరుతో కనిపిస్తారు. అందుకే పరీక్ష మనమే పెట్టుకోవాలి.

ముందు లోపల ఏముంటుందో చూద్దాం. హాలోజన్ అంటే మన పాత బల్బే, తీగ కాలి వెలిగేది. ఎక్కువగా కనిపించే హెచ్4 బల్బు హై బీమ్‌కి (బ్రైట్) 60 వాట్లు, లో బీమ్‌కి (డిమ్) 55 వాట్లు తీసుకుంటుంది. లో బీమ్‌లో సుమారు 1000 లూమెన్లు ఇస్తుంది (లూమెన్ అంటే వెలుతురు మొత్తానికి కొలత). హెచ్7 అయితే 1500 దాకా. వెలుతురు పసుపు రంగు, 3200 కెల్విన్ దగ్గర (కెల్విన్ ఇక్కడ వెలుతురు రంగుకి కొలత). జెనాన్ లేక హెచ్ఐడీలో తీగ ఉండదు, జెనాన్ వాయువున్న గొట్టంలో విద్యుత్తు మెరుపులా దూకుతుంది. వెలిగించడానికి 20 వేల వోల్టుల పైన కావాలి, వెలిగాక 35 వాట్లతోనే 3200 లూమెన్లు ఇస్తుంది. 1991లో బీఎండబ్ల్యూ 7 సిరీస్‌తో వచ్చింది. ఇప్పుడు కొత్త బండ్లలో దాదాపు కనుమరుగైంది కాబట్టి దాని సంగతి వదిలేద్దాం. లో బీమ్‌కి ఎల్ఈడీ మొదట 2007లో లెక్సస్ ఎల్ఎస్ 600హెచ్‌లో వచ్చింది. ఇవాళ పది పన్నెండు లక్షల బండిలోనూ దొరుకుతోంది. రంగు 5500 నుంచి 6000 కెల్విన్, అంటే పగటి వెలుతురుకి దగ్గర. తక్కువ కరెంటు, ఎక్కువ ఆయుష్షు, వేసిన క్షణంలోనే పూర్తి వెలుగు. ఇవన్నీ నిజమైన లాభాలే.

ఒక ఇబ్బంది ఉంది. ఎల్ఈడీ ముందువైపు వేడిని చిమ్మదు, వెనక చిప్ దగ్గర మాత్రం బాగా వేడెక్కుతుంది. ఆ వేడిని లాగెయ్యడానికి అల్యూమినియం హీట్ సింక్, కొన్నిట్లో చిన్న ఫ్యాను ఉంటాయి. అక్కడ పొదుపు చేసిన ల్యాంపు వేడెక్కేకొద్దీ వెలుతురు తగ్గించుకుంటుంది. అందుకే టెస్ట్ డ్రైవ్‌లో లైటు వేసిన మొదటి రెండు నిమిషాలు చూసి మురిసిపోవద్దు. ఇరవై నిమిషాలు నడిపాక ఎలా ఉందో చూడండి. ముందుకి వేడి రాకపోవడం వల్ల వానాకాలంలో గాజు లోపల పట్టిన ఆవిరి కూడా నెమ్మదిగా పోతుంది. పల్చటి పొర పట్టి ఆరిపోతే కంగారు పడక్కర్లేదు. నీటి చుక్కలు కారి అడుగున నిలబడితే మాత్రం సీల్ పోయినట్టే, వారంటీలో మార్పించుకోవాలి.

ఇక రిఫ్లెక్టర్, ప్రొజెక్టర్. రిఫ్లెక్టర్‌లో బల్బు వెనకున్న అద్దంలాంటి గిన్నె ఆకారమే వెలుతురుని మలుస్తుంది. ప్రొజెక్టర్‌లో వెలుతురు ముందు ఒక చోటికి చేరి, ఒక చిన్న రేకు దాన్ని పైభాగం రాకుండా అడ్డుకుని, కటకం గుండా రోడ్డు మీదికి వెళుతుంది. ఆ రేకు అంచే గోడ మీద మనకి గీత గీసినట్టు కనిపించే కటాఫ్. 'బై' అంటే ఒకే ప్రొజెక్టర్‌తో రెండు బీమ్‌లూ ఇవ్వడం. హై బీమ్ వేస్తే రేకు పక్కకి తప్పుకుంటుంది, కొన్నిట్లో 'టక్' అన్న శబ్దం కూడా వినిపిస్తుంది.

ఇక్కడ మీ కింది వేరియంట్ గురించి ఒక మాట. హాలోజన్ ప్రొజెక్టర్ అంటే నాకు పెద్ద గౌరవం లేదు. అసలే వెయ్యి, పదిహేను వందల లూమెన్లు, అందులో రేకు కొంత మింగేస్తుంది, కటకం ఇంకొంత. ఎదుటివాళ్ల కళ్లలో పడదు, అది మంచిదే. కానీ మనకీ పెద్దగా కనబడదు. మంచి రిఫ్లెక్టర్‌లో పెట్టిన అదే హాలోజన్ బల్బు చాలాసార్లు దీనికంటే మేలు. కాబట్టి మీ ఎంపిక మంచి హాలోజన్‌కీ ఎల్ఈడీకీ మధ్య కాదు. హాలోజన్‌లోనే బలహీనమైన రకానికీ ఎల్ఈడీకీ మధ్య. లక్షన్నరకి నేను మొగ్గడానికి ఇదో కారణం.

ఎల్ఈడీ వేరియంట్‌లోనూ ఒకటి సరిచూసుకోండి. కొన్ని బండ్లలో లో బీమ్ మాత్రమే ఎల్ఈడీ, హై బీమ్ హాలోజనే ఉంటుంది. బ్రోచర్‌లో చిన్న అక్షరాల్లో ఉంటుంది, లేదా అసలు ఉండదు. హై బీమ్ వేసి రంగు చూస్తే తెలిసిపోతుంది. పగటిపూట వెలిగే డీఆర్ఎల్ గీతలు, బానెట్ అంచున అడ్డంగా పట్టీలా వెలిగే లైటు, పరుగెత్తే ఇండికేటర్లు, ఇవి హెడ్‌లైట్లు కావు. సేల్స్ కుర్రాడు వీటినే ముందు చూపిస్తాడు, అతని పని అతనిది.

ఎంత దూరం కనబడాలి అన్నదానికి చిన్న లెక్క ఉంది. ముందు ఏదో ఉందని చూసి బ్రేకు మీద కాలు వెయ్యడానికి ఒకటిన్నర సెకను అనుకుందాం. పొడి రోడ్డు, మంచి టైర్లు. 60 కిలోమీటర్ల వేగంలో బండి ఆగడానికి మొత్తం 45 మీటర్లు కావాలి. 80లో 69 మీటర్లు. 100లో దాదాపు 97 మీటర్లు. ఇప్పుడు లో బీమ్ సంగతి. హెడ్‌ల్యాంపు నేల నుంచి 75 సెంటీమీటర్ల ఎత్తులో ఉండి, బీమ్ ఒక శాతం వంపుతో కిందికి చూస్తుంటే, అంటే ప్రతి పది మీటర్లకి పది సెంటీమీటర్లు దిగుతుంటే, కటాఫ్ గీత రోడ్డుని 75 మీటర్ల దగ్గర తాకుతుంది. ఆ తర్వాత రోడ్డు మీద పడి ఉన్నదేదీ సరిగ్గా కనబడదు. అంటే ఎంత ఖరీదైన ఎల్ఈడీ అయినా లో బీమ్ మీద 100లో వెళ్తుంటే, చూసి ఆగగలిగే దూరం కంటే వేగంగా వెళ్తున్నట్టే. ఇది ఏ టెక్నాలజీ మార్చలేని లెక్క.

పైగా ఆ 75 మీటర్లూ అన్నివైపులా సమానం కాదు. మనం ఎడమవైపు నడుపుతాం కాబట్టి మన బండ్ల లో బీమ్ ఎడమ పక్కకి 15 డిగ్రీలు పైకి లేస్తుంది. ఎడమ అంచున నడిచేవాళ్లు, బోర్డులు దూరం నుంచే కనిపిస్తాయి. ఎదురు బండ్ల కోసమని కుడిపక్క కిందే ఉంచుతారు. డివైడర్ ఉన్న హైవే మీద డివైడర్ దూకి రోడ్డు దాటేవాడు వచ్చేది ఆ కుడిపక్క నుంచే. ముళబాగిలు దాటాక ఊళ్ల దగ్గర ఇది గుర్తుంచుకోండి. మీ దారిలో టమోటా లోడుతో వెనక లైట్లు సరిగ్గా వెలగని బండ్లు, రాళ్లు అడ్డం పెట్టి ఆపేసిన లారీలు, పలమనేరు అడవి అంచున కౌండిన్య అభయారణ్యం నుంచి బయటికొచ్చే ఏనుగులు, అన్నీ ఉన్నాయి. వీటిలో దేనికీ రిఫ్లెక్టర్ స్టిక్కర్ ఉండదు.

టెస్ట్ డ్రైవ్‌లో అందరూ పడే ఉచ్చు ఇంకొకటి ఉంది. బండి ముందు పది, పదిహేను మీటర్లు పాలు పోసినట్టు తెల్లగా వెలిగితే 'అబ్బ, ఏం లైటు' అనిపిస్తుంది. నిజానికి అది చెడ్డ గుర్తు. దగ్గర రోడ్డు మరీ వెలిగిపోతే కంటిపాప చిన్నదైపోతుంది, దూరంగా మసగ్గా ఉన్నది ఇంకా కనబడదు. 80 వేగంలో పది మీటర్ల ముందున్నది చూసి చేసేదేమీ లేదు, దాని మీదికి అర సెకనులో చేరతాం. మంచి బీమ్ దగ్గర నెమ్మదిగా, దూరం వెళ్లేకొద్దీ గట్టిగా ఉంటుంది. దూరం రెట్టింపైతే పడే వెలుతురు నాలుగో వంతుకి పడిపోతుంది కాబట్టి, కటాఫ్ గీతకి ఆనుకునే అత్యంత బలమైన వెలుతురు ఉండాలి. పరీక్ష గదిలో మేము మొదట వెతికేది ఆ చోటునే. చూడటానికి మొదట చప్పగా అనిపించి, గంటసేపు నడిపినా కళ్లు అలసిపోని లైటే మంచి లైటు.

ఇప్పుడు ఏడు సీట్ల బండికి అన్నిటికంటే ముఖ్యమైనది. షోరూమ్‌లో దీని గురించి ఎవరూ మాట్లాడరు: లెవలింగ్, అంటే బండిలో బరువుని బట్టి బీమ్ వంపు సర్దడం.

మీ బండి వీల్‌బేస్, అంటే ముందు, వెనక చక్రాల మధ్య దూరం, సుమారు 2.75 మీటర్లు అనుకోండి. మూడో వరసలో ఇద్దరు, డిక్కీలో సామాను, పండక్కి ఇంటికెళ్తుంటే బియ్యం బస్తా కూడా. వెనక సస్పెన్షన్ ముందుకంటే 5 సెంటీమీటర్లు ఎక్కువ దిగిందంటే బండి ముక్కు 1.8 శాతం పైకి లేచినట్టు. బీమ్ ఒక శాతం కిందికి చూడాల్సింది ఇప్పుడు 0.8 శాతం పైకి చూస్తోంది. 50 మీటర్ల దూరంలో ఆ కటాఫ్ గీత నేల నుంచి 1.15 మీటర్ల ఎత్తులో ఉంటుంది. ఎదురుగా వచ్చే చిన్న కారు డ్రైవరు కళ్లు సరిగ్గా ఆ ఎత్తులోనే ఉంటాయి. మీరు లో బీమ్‌లోనే ఉన్నారు, తప్పేమీ చెయ్యలేదు, కానీ ఎదుటివాడు మీకు డిప్పర్ మీద డిప్పర్ కొడుతుంటాడు. 'నేను డిమ్‌లోనే ఉన్నా కదా' అని మీరు విసుక్కుంటారు. మన రోడ్ల మీద ఎస్‌యూవీల లైట్లు కళ్లు పొడుస్తున్నాయన్న తిట్లలో పెద్ద భాగం ఇక్కడి నుంచే వస్తుందని నా అభిప్రాయం.

చాలా బండ్లలో స్టీరింగ్‌కి కుడిపక్క కింద 0, 1, 2, 3 అంకెలున్న చిన్న చక్రం ఉంటుంది. డ్రైవరు ఒక్కడే ఉంటే 0. మనుషులు, సామాను పెరిగేకొద్దీ అంకె పెంచాలి, ఏ లోడుకి ఎంతో బండి మాన్యువల్‌లో ఉంటుంది. దాన్ని బండి కొన్నాక ఒక్కసారీ తిప్పనివాళ్లే ఎక్కువ. కొన్ని బండ్లలో ఇరుసు దగ్గర సెన్సర్ పెట్టి దానంతటదే సర్దుకునే ఆటో లెవలింగ్ ఉంటుంది. రెంటిలో ఏదైనా సరే, ఉండి తీరాలి. ఏడు సీట్ల బండికి ఆటో లెవలింగ్ దొరికితే సన్‌రూఫ్ కంటే నేను దాన్నే ఎంచుకుంటాను.

దీని వెనక నిబంధనల లెక్క కూడా ఉంది. ఐక్యరాజ్యసమితి వాహన నియమాల్లో, లో బీమ్ లైటు 2000 లూమెన్లు దాటితే ఆటో లెవలింగ్, గాజు కడిగే వాషర్ తప్పనిసరి అని చాలాకాలం ఉంది. ఆ ఖర్చు తప్పించుకోవడానికి కంపెనీలు ఆ గీతకి కాస్త కిందనే ఆగేలా ఎల్ఈడీలు తయారు చేయించుకునేవి. కాబట్టి ఎల్ఈడీ అనగానే హాలోజన్‌కి మూడు రెట్లు, నాలుగు రెట్లు వెలుతురు అనుకోకండి. తేడా ఎక్కువగా వచ్చేది ఆ వెలుతురుని ఎంత పద్ధతిగా పరిచారన్నదాంట్లో.

వాన గురించి మన వాట్సాప్ గ్రూపుల్లో తిరిగే మాట ఒకటుంది: తెల్ల లైటు వానలో పనికిరాదు, పసుపే మంచిది అని. వానలో ఏ లైటైనా బలహీనమే. తడిసిన తారు అద్దంలా మారి, మన వెలుతురుని వెనక్కి మన కళ్లకి పంపకుండా ముందుకి, ఎదుటివాడి కళ్లలోకి తోసేస్తుంది. తెల్ల గీతలు మాయమయ్యేది అందుకే. రంగు తేడా ఉంటే ఉంటుంది, కానీ అది రెండో సంగతి. పసుపు కాస్త కళ్లకి హాయిగా ఉంటుందని చాలామంది అంటారు, నేను కాదనను. పొగమంచు విషయంలో కూడా అంతే. మంచు బిందువులు కాంతి తరంగాల కంటే చాలా పెద్దవి కాబట్టి అన్ని రంగులనీ ఇంచుమించు ఒకేలా చెదరగొడతాయి. ఫాగ్ ల్యాంప్ పనిచేసేది దాని రంగు వల్ల కాదు. బంపర్ కింద తక్కువ ఎత్తులో ఉండి, వెడల్పుగా, పైకి లేవకుండా వెలగడం వల్ల. ఈమధ్య కొన్ని కంపెనీలు పై వేరియంట్లలో కూడా ముందు ఫాగ్ ల్యాంపులు తీసేస్తున్నాయి. డిసెంబరులో తెల్లవారుజామున హోస్కోటె, కోలారు మధ్య వెళ్లేవాళ్లు అవి ఉన్నాయో లేవో చూసుకోవాలి.

స్టీరింగ్ తిప్పిన వైపు వెలిగే కార్నరింగ్ ల్యాంపు మాత్రం పనికొచ్చే వస్తువు. అపార్ట్‌మెంట్ బేస్‌మెంట్ మలుపుల్లో, పలమనేరు దాటి చిత్తూరు వైపు వెళ్తే మొగిలి ఘాట్‌లో, తిరుమల ఎక్కేటప్పుడు దాని విలువ తెలుస్తుంది. మలుపులో మామూలు హెడ్‌లైట్ లోయని చూపిస్తుంది, ఇది రోడ్డుని చూపిస్తుంది. మహీంద్రా ఎక్స్‌యూవీ700లో 80 దాటాక అదనంగా వెలిగే 'ఆటో బూస్టర్' అని ఒకటి ఇచ్చారు. వేగం పెరిగితే చూపు దూరం పెరగాలన్న ఆలోచన సరైనదే.

ఆటో హై బీమ్ సంగతి. అద్దం దగ్గర కెమెరా ఎదురు బండి లైట్లు చూసి హై బీమ్‌ని తనే దించుతుంది. చీకటిగా, ఖాళీగా ఉన్న హైవే మీద బాగుంటుంది. మన దగ్గర దాని కష్టం ఏమిటంటే, అది లైట్లు చూసి గుర్తుపడుతుంది. ఒంటి లైటు మోపెడ్, లైటే లేని సైకిలు, నడిచేవాళ్లు దానికి ఆనరు. వాళ్ల ముఖాన హై బీమ్ అలాగే పడుతుంది. ఊళ్లలో ఆఫ్ చేసి పెట్టుకోండి. మ్యాట్రిక్స్ లేక అడాప్టివ్ బీమ్ దీనికంటే చాలా మెరుగు. హై బీమ్‌ని ముక్కలుగా విడగొట్టి, ఎదురు బండి ఉన్నంత మేర ఆ ముక్కని మాత్రమే ఆర్పి, మిగతాదంతా వెలిగిస్తుంది. 2013లో ఆడి ఏ8లో మొదలైంది. మీ బడ్జెట్‌లో దాని కోసం ఆగమని చెప్పను.

ఇక బయట వేయించుకునే ఎల్ఈడీ బల్బులు. జేసీ రోడ్డుకి వెళ్తే రెండు వేలకి జత దొరుకుతుంది, డబ్బా మీద '20,000 లూమెన్లు' అని కూడా ఉంటుంది. 30 వాట్లు తినే ఎల్ఈడీ వాట్‌కి 100 లూమెన్ల చొప్పున ఇచ్చినా మొత్తం మూడు వేలే. కాబట్టి ఆ అంకెని పట్టించుకోకండి. అసలు చిక్కు వేరే. హాలోజన్ ల్యాంపులో రిఫ్లెక్టర్ ఆకారమంతా ఒక సన్నటి తీగ ఫలానా చోట, ఫలానా పొడవున ఉంటుందన్న లెక్కతో మలిచారు. దాని స్థానంలో రెండు పక్కలా చిప్‌లు అతికించిన పలక పెడితే వెలుతురు పుట్టే చోటు మిల్లీమీటర్లలో జరిగినా రోడ్డు మీద మీటర్లలో తేడా వస్తుంది. దగ్గర రోడ్డు తెల్లగా మెరుస్తుంది, దూరపు చూపు తగ్గుతుంది, మిగిలింది ఎదుటివాడి కళ్లలోకి పోతుంది. ప్రొజెక్టర్‌లో పెడితే కటాఫ్ నిలుస్తుంది కాబట్టి ఎదుటివాళ్లకి కాస్త నయం, మీకు దూరం మాత్రం పెరగదు. 2024 జూలైలో కర్ణాటక పోలీసులు కళ్లు జిగేల్‌మనిపించే లైట్ల మీద రాష్ట్రమంతా ప్రత్యేక డ్రైవ్ పెట్టి కేసులు రాశారు. కొత్త బండి వైరింగ్‌లో వేలు పెడితే ఎలక్ట్రికల్ వారంటీకి కూడా పేచీ వస్తుంది.

ఒకవేళ బడ్జెట్ కుదరక కింది వేరియంటే తీసుకుంటే, ఉన్న హాలోజన్‌నే సరిగ్గా వెలిగించుకోండి. హాలోజన్ వెలుతురు వోల్టేజీ మీద విపరీతంగా ఆధారపడుతుంది. బల్బు దగ్గర వోల్టేజీ పది శాతం తగ్గితే వెలుతురు ముప్ఫై శాతం పడిపోతుంది. కనెక్టర్లు శుభ్రంగా ఉండాలి, బ్యాటరీ బాగుండాలి. అదే 55 వాట్లలో మంచి కంపెనీ బల్బు వేసుకుని, రెండు పక్కలా ఒకేసారి మార్చుకోండి. 100/90 వాట్ల బల్బుల జోలికి వెళ్లొద్దు, అవి రోడ్డుకి అనుమతి లేనివి, పైగా హోల్డర్ కరిగిపోతుంది.

ఇప్పుడు పరీక్ష. షోరూమ్ వాళ్లని సాయంత్రం ఏడున్నర తర్వాత టెస్ట్ డ్రైవ్ అడగండి. నసుగుతారు, వదలకండి. సరిగ్గా మీరు కొనే వేరియంటే కావాలని చెప్పండి, ఎందుకంటే టెస్ట్ డ్రైవ్ బండి చాలాసార్లు టాప్ మోడలే ఉంటుంది. ఔటర్ రింగ్ రోడ్డు మీద తిప్పితే ఏమీ తెలియదు, అక్కడ వీధి దీపాలకే అంతా కనబడుతుంది. వర్తూరు దాటి సర్జాపుర వైపు దీపాలు లేని రోడ్డు ఏదైనా చూసుకోండి. ముందు మీ ఇంటివాళ్లని ఎక్కించండి, లెవలింగ్ చక్రం 0 లో ఉంచి చూడండి, తర్వాత 2, 3 కి తిప్పి బీమ్ నిజంగా దిగుతోందో లేదో చూడండి. స్పీడ్ బ్రేకర్ ఎక్కి దిగేటప్పుడు కటాఫ్ గీత ఎంత ఎగురుతోందో గమనించండి. మరీ పదునైన గీత ఉన్న చిన్న ప్రొజెక్టర్లు గతుకుల రోడ్డు మీద ఊగి ఊగి తలనొప్పి తెప్పిస్తాయి, గీత అంచు కాస్త మెత్తగా కలిసిపోయేవే నయం. రోడ్డుకి రెండు పక్కలా పొదలు, కాలిబాట కనిపిస్తున్నాయా చూడండి. నాన్నగారి చేత కూడా నడిపించండి, మీకు బాగున్నది ఆయనకి బాగుండకపోవచ్చు.

బండి ఇంటికొచ్చాక బేస్‌మెంట్‌లో ఖాళీ గోడ చూసి ఇంకో పని చెయ్యండి. టైర్లలో గాలి సరిగ్గా ఉండాలి, డ్రైవరు సీట్లో ఒకరు, చక్రం 0. గోడకి ఆనించినంత దగ్గరగా పెట్టి హెడ్‌ల్యాంపు మధ్యబిందువు ఎత్తుని టేపుతో గుర్తు పెట్టండి. ఐదు మీటర్లు వెనక్కి రండి. కటాఫ్ గీత ఆ గుర్తుకి 5 నుంచి 7 సెంటీమీటర్ల కింద ఉండాలి. పైన ఉంటే ఎదుటివాళ్లకి బాధ. 15 సెంటీమీటర్ల కింద ఉంటే మీ చూపు 25 మీటర్లకే అయిపోతుంది. కొత్త బండిలో కూడా ఇది తప్పుగా ఉండటం నేను చాలాసార్లు చూశాను. సర్వీస్ సెంటర్‌లో స్క్రూ తిప్పి సరిచేస్తారు, పది నిమిషాల పని. చాలామంది 'ఈ బండి లైట్లు బాగాలేవు' అని తిట్టుకునేది ఆ స్క్రూనే.

నాన్నగారి విషయం. ఇరవై ఏళ్ల కంటిలో రెటీనాకి చేరే వెలుతురులో దాదాపు మూడో వంతే అరవై ఏళ్ల కంటిలో చేరుతుంది. ఎదురు లైటు పడ్డాక చూపు మళ్లీ కుదురుకోవడానికి కూడా ఎక్కువ సమయం పడుతుంది. లైట్ల చుట్టూ వలయాలు కనిపిస్తున్నాయని ఆయన అంటుంటే, శుక్లాలు మొదలయ్యాయేమో కంటి డాక్టరుకి చూపించండి. హెడ్‌లైట్ మార్చి అది తీర్చలేం. ముందు అద్దాన్ని లోపలివైపు తుడవడం మాత్రం ఇవాళే చెయ్యొచ్చు. కొత్త బండి డాష్‌బోర్డు నుంచి వచ్చే ఆవిరి లోపల సన్నటి జిడ్డు పొరలా పడుతుంది, పగలు కనబడదు, రాత్రి ఎదురు లైటు పడితే అద్దమంతా తెల్లబడుతుంది. రాత్రి డ్రైవింగ్‌కని అమ్మే పసుపు కళ్లద్దాలు కొనకండి, అవి ఉన్న వెలుతురులో కొంత తగ్గిస్తాయి తప్ప పెంచవు.

చివరిది డబ్బు సంగతి. హాలోజన్ బల్బు పోతే కొన్ని వందల రూపాయలు. ఎల్ఈడీ ల్యాంపు చాలా బండ్లలో మొత్తం ఒకే యూనిట్. లోపల ఒక్క చిప్ పోయినా, సిల్క్ బోర్డ్ జంక్షన్ దగ్గర ఎవరో రివర్స్‌లో తగిలించి ల్యాంపుని బిగించే చెవి ఒక్కటి విరిగినా మొత్తం మార్చాలంటారు, బిల్లు పదుల వేలల్లో ఉంటుంది. మామూలు ఇన్సూరెన్స్‌లో ప్లాస్టిక్ భాగాలకి 50 శాతం తరుగుదల కోస్తారు. కాబట్టి ఎల్ఈడీ వేరియంట్ తీసుకుంటే కనీసం మొదటి ఐదేళ్లు ఆ తరుగుదల కొయ్యని జీరో డిప్రీసియేషన్ పాలసీ పెట్టుకోండి. బుక్ చేసేముందే ఒక్క హెడ్‌ల్యాంపు అసెంబ్లీ ధర ఎంతో స్పేర్ పార్ట్స్ కౌంటర్‌లో అడగండి. సేల్స్ వాళ్లని కాదు, స్పేర్స్ వాళ్లని. ఎండలో పార్క్ చేసే బండి అయితే ముందున్న పాలీకార్బొనేట్ గాజు కొన్నేళ్లకి పసుపెక్కుతుంది. టూత్‌పేస్టుతో రుద్దితే వారం రోజులు మెరుస్తుంది, ఆ తర్వాత పైనున్న రక్షణ పొర పోయి ఇంకా త్వరగా పాడవుతుంది. పాలిష్ చేయిస్తే తర్వాత యూవీ కోటింగ్ కూడా వేయించాలి, అది లేకుండా పాలిష్ ఒక్కటే చేసేవాళ్లకి బండి ఇవ్వకండి.